మన చిన్న రేడియో కేంద్రం చరిత్ర రాయడం ఎలా?

పత్రిక మూతపడినా పాత సంచికలు ఎవరి అటక మీదో మిగిలి ఉంటాయి. రేడియోకు ఆ భాగ్యం లేదు. సాయంత్రం ఏడు గంటలకు పలికిన మాట ఏడూ ఐదుకు ఎక్కడా ఉండదు. అందుకే ఒక చిన్న ఎఫ్‌ఎం కేంద్రం చరిత్ర రాయాలని కూర్చున్నవారు మొదటి వారంలోనే నీరసపడిపోతారు. కేంద్రం కళ్లెదుటే ఉంటుంది, ఏళ్ల తరబడి రోజూ మాట్లాడుతూనే ఉంటుంది. కానీ ఇన్నేళ్లుగా ఏం మాట్లాడిందో చూపించమంటే ఒక శిలాఫలకం, ఒక ప్రారంభోత్సవం ఫొటో, వార్షికోత్సవ సంచికలో రెండు పేజీల వ్యాసం తప్ప మరేమీ చేతికి రావు. ఆ మూడింటినీ కలిపి రాస్తే అది ప్రారంభోత్సవం చరిత్ర అవుతుంది గాని రేడియో చరిత్ర కాదు.

అసలు చరిత్ర ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఏ వరుసలో పోగు చేయాలో, ఎక్కడ పొరబడే ప్రమాదం ఉందో ఈ వ్యాసంలో చెబుతాను. ఉదాహరణకు ఎక్కువగా జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్నూరు సంఘం రేడియోను తీసుకుంటాను, ఎందుకంటే చిన్న రేడియో చరిత్రలో వచ్చే చిక్కులన్నీ ఆ ఒక్క కేంద్రం కథలోనే కనిపిస్తాయి. మధ్య మధ్య నేను స్వయంగా పనిచేసిన మరో కేంద్రం ముచ్చట్లు వస్తాయి. దాని పేరు ఇక్కడ అవసరం లేదు.

ముందు అది ఏ కోవకు చెందినదో చూడండి

చిన్న ఎఫ్‌ఎం కేంద్రం మూడు కోవల్లో ఏదో ఒకదానికి చెందుతుంది. కొత్తగూడెం, అనంతపురం, మార్కాపురం వంటి చోట్ల ఉన్నవి ఆకాశవాణి కేంద్రాలు. వాటి కాగితాలు ప్రభుత్వ దస్త్రాలు కాబట్టి అడిగే హక్కు మనకు ఉంది. వేలంలో ఫ్రీక్వెన్సీ కొనుక్కున్న ప్రైవేటు కేంద్రాల కాగితాలు కంపెనీ దగ్గర ఉంటాయి, ఇవ్వడం వారి ఇష్టం. మూడో కోవ కమ్యూనిటీ రేడియో. ఒక కళాశాలో, స్వచ్ఛంద సంస్థో, కృషి విజ్ఞాన కేంద్రమో దాన్ని నడుపుతుంది. కాగితాల్లో సగం ఆ సంస్థ బీరువాలో, సగం ఢిల్లీలోని సమాచార ప్రసార మంత్రిత్వ శాఖలో ఉంటాయి. ఏ తలుపు తట్టాలో తెలియకుండా మొదలుపెడితే మూడు నెలలు వృథా అవుతాయి.

పుట్టినరోజు ఒకటే అనుకోకండి

అన్నిటికంటే సులువుగా కనిపించి అన్నిటికంటే ఎక్కువగా బోల్తా కొట్టించే ప్రశ్న ‘కేంద్రం ఎప్పుడు మొదలైంది?’ అనేది. సంఘం రేడియో సంగతే చూడండి. 90.4 మెగాహెర్ట్జ్ మీద అది గాలిలోకి వచ్చింది 2008 అక్టోబరు 15న. కానీ ఆ కేంద్రాన్ని నడిపే స్వచ్ఛంద సంస్థ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు యునెస్కో సాయంతో కార్యక్రమాలు రికార్డు చేయడం అంతకు పదేళ్ల ముందు, 1998లోనే మొదలుపెట్టారు. ప్రసారానికి అనుమతి లేదు కాబట్టి ఆ కాలమంతా క్యాసెట్లు ఊళ్లకు తీసుకువెళ్లి సంఘాల సమావేశాల్లో వినిపించారు. ట్రాన్స్‌మిటర్ లేని ఆ పదేళ్లను రేడియో చరిత్రలో చేర్చాలా వద్దా? చేర్చాలనే నా అభిప్రాయం. ఏం మాట్లాడాలో, ఎవరి భాషలో మాట్లాడాలో ఆ మహిళలు నేర్చుకున్నది ఆ క్యాసెట్ల మీదే; 2008లో కొత్తగా వచ్చి చేరింది ప్రసారం ఒక్కటే.

ఇంకా వెనక్కి వెళ్తే ఆ కథ క్రికెట్ మైదానంలో తేలుతుంది. 1993లో హీరో కప్ పోటీల ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ తగాదా వచ్చింది. 1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిలతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ కేసులో తీర్పు చెబుతూ ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆటను ఎవరు చూపించాలన్న గొడవలోంచి ఊరి ఆడవాళ్లు మైకు పట్టుకునే హక్కు పుట్టిందన్నమాట. 2000 జూలైలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆతిథ్యంలో సమావేశమైనవారు కమ్యూనిటీ రేడియోకు అనుమతి కోరుతూ ఒక ప్రకటన వెలువరించారు. 2002 చివర ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రం తలుపు తెరిచింది. స్వచ్ఛంద సంస్థలకు తెరిచింది 2006 నవంబరులో. చివరికి మాచ్నూరు కేంద్రాన్ని ప్రారంభించడానికి వచ్చింది ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే.

మీ కేంద్రానికి ఇంతటి పూర్వకథ ఉండకపోవచ్చు. అయినా ఎంత చిన్నదానికైనా కనీసం అయిదు తేదీలు ఉంటాయి. కమ్యూనిటీ రేడియో అయితే దరఖాస్తు పెట్టిన రోజు, మంత్రిత్వ శాఖ నుంచి ఆశయ పత్రం (అనుమతి ఇవ్వదలచామని తెలిపే లేఖ) వచ్చిన రోజు, అనుమతి ఒప్పందం మీద సంతకాలైన రోజు, వైర్‌లెస్ విభాగం లైసెన్సు ఇచ్చిన రోజు, ప్రయోగాత్మక ప్రసారం మొదలైన రోజు. ఆ తర్వాతే అధికారిక ప్రారంభోత్సవం. వీటన్నిటినీ ఒక కాగితం మీద వరుసగా రాసుకుని ప్రతి తేదీ పక్కనా అది ఏ పత్రంలో దొరికిందో గుర్తు పెట్టుకోండి. ఖాళీలు మిగిలితే మిగలనివ్వండి, ఊహతో నింపవద్దు.

శిలాఫలకాన్ని ఎందుకు నమ్మకూడదో నాకు అనుభవం మీద తెలిసింది. నేను పనిచేసిన కేంద్రంలో గోడ మీది పాలరాతి పలక ఒక గురువారం తేదీని చూపిస్తుంది. ప్రతి వార్షికోత్సవమూ ఆ తేదీకే జరుపుతారు. ట్రాన్స్‌మిటర్ గదిలో చెదలు తినగా మిగిలిన మొదటి లాగ్ పుస్తకం తెరిస్తే, ఆ గురువారం నాటి పేజీలో పెన్సిలుతో ఒకే ఒక్క మాట ఉంది: ‘వాయిదా’. పలక ముందే చెక్కించారు. రావలసిన పెద్దమనిషి పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చారు. పలక మార్చడానికి డబ్బు లేదు. ఆ పదకొండు రోజులూ కేంద్రం ఊరుకోలేదు, పరీక్ష పేరుతో పాటలు వేస్తూనే ఉంది. చుట్టుపక్కల ఊళ్లవారికి ఆ రేడియో ప్రారంభోత్సవానికి ముందే పరిచయమైపోయింది.

ఇందులోనే మరో జాగ్రత్త ఉంది. సంఘం రేడియో మొదలైన 2008 అక్టోబరు 15నే ఐక్యరాజ్యసమితి పిలుపుతో మొట్టమొదటి అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం జరిగింది. రెండు వాస్తవాలూ నిజమే. కానీ ‘అందుకే ఆ రోజు ఎంచుకున్నారు’ అని మూడో వాక్యం రాయాలంటే ఆనాటి ఆహ్వాన పత్రమో సమావేశపు మినిట్సో చేతిలో ఉండాలి. తేదీలు కలిశాయి కదా అని కారణం కట్టేయడం ఊరి చరిత్రలు రాసే మనందరికీ ఉన్న జబ్బు.

కాగితాలు: చెత్తలా కనిపించేవే ముందు చూడండి

చరిత్ర ఫైలు అని పేరు పెట్టి ఉన్న ఫైలులో సాధారణంగా చరిత్ర ఉండదు, పత్రికల కత్తిరింపులు ఉంటాయి. మీరు అడగవలసింది వేరే. ట్రాన్స్‌మిటర్ లాగ్ పుస్తకంలో కేంద్రం ఎప్పుడు స్విచాన్ అయింది, ఎప్పుడు ఆగింది, మీటర్లు ఎంత చూపించాయి అన్నది ఆ రోజు డ్యూటీలో ఉన్న ఇంజనీరింగ్ సిబ్బంది చేతిరాతలో ఉంటుంది. క్యూ షీట్‌లో ఏ నిమిషానికి ఏ కార్యక్రమం, ఏ టేపు వేయాలో ఉంటుంది. ఆకాశవాణి కేంద్రమైతే డ్యూటీ ఆఫీసరు రిపోర్టులు, మాట్లాడినవారికీ పాడినవారికీ పంపిన కాంట్రాక్టు ఫారాలు ఉంటాయి. ఫలానా భజన బృందం ఫలానా తేదీన వచ్చి ఎంత పారితోషికం తీసుకుందో ఆ ఫారం మీద సంతకంతో సహా దొరుకుతుంది. కమ్యూనిటీ రేడియోలో ఇంత పద్ధతి ఉండదు. అక్కడ హాజరు పట్టీ, కరెంటు బిల్లులు, డీజిల్ రసీదులు, సందర్శకుల పుస్తకం మీద ఆధారపడాలి. కరెంటు బిల్లు చిన్నచూపు చూడవలసిన కాగితం కాదు. వినియోగం ఒక్కసారిగా సగానికి పడిపోయిన నెల కనిపించిందంటే ప్రసార గంటలు తగ్గాయనో, యంత్రం పాడైందనో అనుమానించి ఆ నెల గురించి మనుషులను అడగవచ్చు.

లాగ్ పుస్తకం ఎంత మాట్లాడుతుందో ఒక పేజీ చూపిస్తాను. వానాకాలంలో ఒక సాయంత్రం, అయిదు వరుసలు:

‘17-55 స్విచాన్. 18-12 ఒక ఫేజు పోయింది. 18-15 జనరేటర్. 18-40 డీజిల్ అయిపోయింది. 19-50 కరెంటు వచ్చింది, సంతమార్కెట్ ధరలు ఇప్పుడు చదివారు.’

డెబ్బై నిమిషాలు మూగబోయిన కేంద్రం మళ్లీ నోరు తెరవగానే ముందు చదివింది సినిమా పాట కాదు, మరుసటి రోజు సంతకు వెళ్లే రైతుకు కావలసిన ధర. ఆ రేడియో ఎవరిదో చెప్పడానికి నేను పుస్తకంలో వేరే వ్యాఖ్యానం రాయలేదు, ఈ అయిదు వరుసలే అచ్చు వేశాను.

ఆకాశవాణి కేంద్రం విషయంలో మాటలతో పని జరగకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు, నకలుకు పేజీకి రెండు రూపాయలు. ‘మీ కేంద్రం చరిత్ర ఇవ్వగలరు’ అని అడిగితే వచ్చే జవాబు రెండు వాక్యాలే. ‘ప్రసారం మొదలైన సంవత్సరపు ట్రాన్స్‌మిటర్ లాగ్ పుస్తకంలో మొదటి పది పేజీల నకలు’ అని అడగండి. ఇంకా మంచి మార్గం, రికార్డులను స్వయంగా పరిశీలిస్తానని అడగడం; మొదటి గంటకు రుసుము లేదు, ఆపైన గంటకు అయిదు రూపాయలు. బీరువా తెరిచి చూస్తే తప్ప, ఏ పుస్తకం ఉందో అందులో పనిచేసేవారికి కూడా తెలియదు. కమ్యూనిటీ రేడియో అనుమతి పత్రాల కోసం ఇదే దరఖాస్తు మంత్రిత్వ శాఖకు పెట్టవచ్చు.

డబ్బు సంగతి కూడా ఈ కాగితాల్లోనే ఉంటుంది, మొహమాటపడి వదిలేయవద్దు. 2006 నిబంధనల ప్రకారం కమ్యూనిటీ రేడియో గంటకు 5 నిమిషాలే ప్రకటనలు వేసుకోవలసి ఉండేది. ఆ పరిమితి పెరుగుతూ 2024లో 12 నిమిషాలకు వచ్చింది. ప్రభుత్వ ప్రకటనకు 10 సెకన్ల ధర 52 రూపాయల నుంచి 74కు పెరిగింది. ఈ అంకెల పక్కన మీ కేంద్రం నెల జీతాల పట్టీ పెట్టి చూస్తే, మంచి గొంతున్న అనౌన్సర్లు రెండేళ్లకు మించి ఎందుకు నిలవలేదో అర్థమవుతుంది.

టేపులు: చేయి పెట్టే ముందు ఆగండి

కమ్యూనిటీ రేడియో నిబంధనలు కేంద్రాన్ని ప్రతి కార్యక్రమం మూడు నెలలు భద్రపరచమంటాయి. ఆచరణలో ఈ నియమం తలకిందులై, మూడు నెలలు దాటింది చెరిపేయవచ్చు అన్న అర్థంలోకి దిగింది. క్యాసెట్ కొనడానికి డబ్బు లేని రోజుల్లో దాని మీదే మళ్లీ రికార్డు చేశారు. తర్వాత హార్డ్ డిస్కు నిండినప్పుడల్లా పాతవి తీసేశారు. కాబట్టి మిగిలినవి ఎవరో కావాలని దాచినవి, లేదా మరిచిపోయినవి. ఈ రెంటిలో మరిచిపోయినవే విలువైనవి. దాచినవాటిలో మంత్రులు, ప్రముఖులు ఉంటారు. మరిచిపోయినవాటిలో మామూలు మంగళవారం ఉంటుంది.

క్యాసెట్ల పెట్టె దొరికిన ఆనందంలో వెంటనే ఒకటి తీసి ప్లేయర్లో పెట్టడం పెద్ద తప్పు. ముందు రికార్డింగును ఆపే ఏర్పాటు చేయండి: క్యాసెట్ వెనక అంచున రెండు చివరలా చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి, వాటిని విరిచేస్తే దాని మీద ఎవరూ మళ్లీ రికార్డు చేయలేరు. తర్వాత కిటికీ దగ్గర పెట్టి టేపు చుట్టను చూడండి. తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. దాన్ని ప్లేయర్లో నడిపితే టేపూ పోతుంది, టేపును చదివే హెడ్డూ పాడవుతుంది, ఆ హెడ్డు నుంచి పక్క క్యాసెట్లకూ అంటుకుంటుంది. అలాంటివి విడిగా కవరులో పెట్టి తెలిసినవారికి అప్పగించండి. బాగున్నవాటిని పెన్సిలుతో కాస్త బిగించి, ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పి అప్పుడు వినండి. నాలుగైదు క్యాసెట్లకొకసారి హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా ఎక్కించండి. గంట నిడివి స్టీరియోలో దాదాపు ఒక గిగాబైటు, మోనోలో అందులో సగం పడుతుంది. ఈ రోజుల్లో అది భారం కాదు. ఎంపీ3 వినడానికి మాత్రమే, దాచడానికి కాదు. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్ అసలు కాపీ మీద వాడవద్దు. వెనక వినిపించే ఫ్యాను చప్పుడూ, కోడి కూతా ఆ స్టూడియో ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యాలు. ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీతో మొదలవ్వాలి. క్యాసెట్ మీద ఉన్న చేతిరాత లేబులును రెండు వైపులా ఫొటో తీసి అదే పేరుతో ఉంచండి. ఒక లేబులు మీద ‘శాంతమ్మ వడ్ల పాట’ అని కొట్టేసి ‘శాంతమ్మ కూతురి పెళ్లి’ అని రాసి ఉండటం చూశాను. పాట పోయింది, కానీ కేంద్రం క్యాసెట్ శాంతమ్మ ఇంటికి వెళ్లి వచ్చిందన్న సంగతి మిగిలింది.

సీడీలు దొరికితే క్యాసెట్లకంటే ముందు వాటి పని చూడండి. కొత్తవి కదా అనుకుంటాం గాని, ఇళ్లలో రాసిన సీడీలు క్యాసెట్లకంటే త్వరగా మొరాయించడమే నేను ఎక్కువగా చూశాను.

మనుషులను అడగడం

పెద్దవారి దగ్గరకు వెళ్లి ‘మీ అనుభవాలు చెప్పండి’ అంటే వార్షికోత్సవ ప్రసంగమే మళ్లీ వినిపిస్తుంది. పనిని గురించి అడగండి. స్టూడియో తాళం ఎవరి దగ్గర ఉండేది? ఆఖరి బస్సు ఎన్నింటికి, అది తప్పితే ఇంటికి ఎలా వెళ్లేవారు? కార్యక్రమంలో మాట తడబడితే ఏం చేసేవారు? వర్షంలో స్తంభం ఎక్కింది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబు చెబుతూ చెబుతూ వాళ్లే అసలు కథలోకి దిగుతారు. దొరికిన పాత రికార్డింగు ఒకటి ఫోనులో వేసుకుని వెళ్లండి. తన పాతికేళ్ల నాటి గొంతు విన్న అనౌన్సరుకు ఆ రోజు పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో కూడా గుర్తుకు వస్తుంది. ఏ ప్రశ్నా చేయలేని పని అది.

ఎవరెవరిని అడగాలన్న జాబితా కేంద్రం అధికారుల నుంచి తీసుకోకండి, హాజరు పట్టీ నుంచి తీసుకోండి. ఆకాశవాణి స్థానిక కేంద్రాల్లో శ్రోతలు గుర్తుపట్టే గొంతులు చాలావరకు క్యాజువల్ అనౌన్సర్లవి. వారు డ్యూటీ లెక్కన వచ్చి పనిచేసినవారు కాబట్టి సిబ్బంది జాబితాలో కనిపించరు, కాంట్రాక్టు ఫారాల్లోనే దొరుకుతారు. కాపలాదారుణ్ణి, టీ ఇచ్చినవాణ్ణి, జనరేటర్ మెకానిక్‌ను వదిలిపెట్టవద్దు.

పేర్ల విషయంలో సంఘం రేడియో ఒక పాఠం. ఆ కేంద్రాన్ని నడిపినవారిగా పత్రికలకెక్కిన ఇద్దరి పేర్లూ నర్సమ్మలే. ఒకరిని ‘జనరల్’ నర్సమ్మ అంటారు, మరొకరిని అల్గోల్ నర్సమ్మ అంటారు. దూరం నుంచి వచ్చి రాసేవారు ఒకరి మాట ఇంకొకరి నోట పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? ప్రతి ఇంటర్వ్యూ మొదట్లో పేరు, ఊరు, ఆ ఊళ్లో పిలిచే పేరు, తేదీ రికార్డులోనే పలికించండి. విన్నది ఎక్కడ వాడుకోబోతున్నారో చెప్పి, సరేనన్న మాట కూడా రికార్డు చేయండి.

రాసేటప్పుడు వారి మాటను శిష్టభాషలోకి దిద్దవద్దు. జహీరాబాద్ ప్రాంతం కర్ణాటక సరిహద్దున ఉంది. అక్కడి తెలుగులో కన్నడం, ఉర్దూ కలిసిపోయి ఉంటాయి. ‘జేసిన్రు’ అన్నదాన్ని ‘చేశారు’ అని మార్చి అచ్చు వేస్తే, ఆ మహిళలు సొంత రేడియో ఎందుకు కావాలనుకున్నారన్న ప్రశ్నకు జవాబును మన చేత్తోనే చెరిపేసినట్లవుతుంది. పెద్ద రేడియోలో తమ మాట వినిపించదనే కదా వారు కొర్రల గురించీ సామల గురించీ తమ యాసలోనే మాట్లాడుకోవడానికి మైకు పెట్టుకున్నది.

ఎంత దూరం వినిపించింది?

కరపత్రంలో ఉండే ‘ఇన్ని గ్రామాలు, ఇన్ని లక్షల శ్రోతలు’ అన్న అంకెను అలాగే ఎత్తి రాయకండి. కమ్యూనిటీ రేడియోకు మామూలుగా అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లు, ఏంటెన్నా ఎత్తు 30 మీటర్లు. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు రేఖలో పోతుంది కాబట్టి చదునైన నేల మీద 30 మీటర్ల ఏంటెన్నాకూ, రెండు మీటర్ల ఎత్తున ఉన్న రేడియోకూ మధ్య లెక్క ప్రకారం హద్దు సుమారు 28 కిలోమీటర్లు. మధ్యలో గుట్ట ఉంటే ఆ వైపు అయిదు కిలోమీటర్లకే మూగబోతుంది. చౌక రేడియోలో ఈ లెక్కకన్నా ముందే గరగర మొదలవుతుంది.

నిజంగా విన్నవారి పటం కావాలంటే శ్రోతల ఉత్తరాల కట్ట తీయండి. ప్రతి కార్డు మీదా తపాలా ముద్ర ఉంటుంది: ఊరు, తేదీ రెండూ. ఒక సంవత్సరం కార్డులన్నీ ముద్రల వారీగా విడదీసి మండల పటం మీద చుక్కలు పెడితే, రేడియో ఏ దారి వెంట పాకిందో కనిపిస్తుంది. మా కేంద్రానికి తూర్పున ఆరు కిలోమీటర్ల దూరంలోని ఊరి నుంచి ఒక్క కార్డూ లేదు. పడమర ఇరవై కిలోమీటర్ల నుంచి వందకు పైగా ఉన్నాయి. గుట్ట ఏమైనా అడ్డమా అని చూస్తే లేదు. తీరా అడిగితే తెలిసింది: పడమటి ఊళ్లో ఒక టైలరు రోజంతా రేడియో పెట్టేవాడు, వచ్చిన ప్రతివారి చేతా పాట కోరుతూ కార్డు రాయించేవాడు. మా కేంద్రం చరిత్రలో ఆ కుట్టు మిషను దుకాణానికి నాలుగు పేజీలు ఇచ్చాను, స్టేషన్ డైరెక్టర్లందరికీ కలిపి మూడు. తర్వాతి కాలానికి కార్డులు ఉండవు. ఫోనులో ఎఫ్‌ఎం వినాలంటే ఇయర్‌ఫోను తీగే ఏంటెన్నా; ఆ తీగ గుచ్చే రంధ్రం లేని ఫోన్లు వచ్చాక ఎవరు వినడం మానేశారో ఇంటింటికీ వెళ్లి అడగవలసిందే.

‘తొలి’ అనే మాట, మరికొన్ని గోతులు

చిన్న కేంద్రాలన్నీ దేనిలోనో ఒకదానిలో తొలివే. ఆ మాట రాసే ముందు ఎవరిలో తొలి అన్నది పూర్తిగా రాయండి. చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం వారి అన్నా ఎఫ్‌ఎం 2004 ఫిబ్రవరి 1న మొదలైంది. కాబట్టి కమ్యూనిటీ రేడియోల్లో సంఘం రేడియో మొదటిది అంటే తప్పు. విద్యాసంస్థ కాకుండా స్వచ్ఛంద సంస్థ తరఫున, గ్రామీణ దళిత మహిళలు నడిపిన వాటిలో మొదటిది అంటే నిలబడుతుంది. మధ్యప్రదేశ్‌లోని ఓర్ఛాలో రేడియో బుందేల్‌ఖండ్ 2008 అక్టోబరు 23న, అంటే ఎనిమిది రోజుల తేడాతో వచ్చింది. ఇంత దగ్గరి తేదీల మధ్య ‘తొలి’ అనే కిరీటం పెట్టేటప్పుడు చేయి వణకాలి.

ఫ్రీక్వెన్సీని పట్టుకుని వెతికేవారికి ఇంకో గొయ్యి. తక్కువ శక్తి కేంద్రాలు ఒకదానికొకటి తగలనంత దూరంలో ఉంటే ఒకే ఫ్రీక్వెన్సీ ఎందరికైనా ఇవ్వవచ్చు. మాచ్నూరు సంఘం రేడియోదీ 90.4, హైదరాబాద్ విశ్వవిద్యాలయం బోల్ హైదరాబాద్‌దీ 90.4, భీమవరం రేడియో విష్ణుదీ 90.4. పాత కత్తిరింపులో ‘90.4 ఎఫ్‌ఎం’ అని మాత్రమే ఉంటే అది మీ కేంద్రం గురించే అనుకోవద్దు.

ఊరి చిరునామా కూడా కాలంతో మారుతుంది. సంఘం రేడియో మొదలైనప్పుడు మాచ్నూరు ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో ఉంది. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది, 2016 అక్టోబరు 11న జిల్లా సంగారెడ్డి అయింది. కేంద్రం అంగుళం కదలకుండానే మూడు చిరునామాల్లో దస్త్రాలకెక్కింది. గ్రంథాలయంలో పాత పత్రికల జిల్లా అనుబంధాలు వెతికేటప్పుడు ఏ జిల్లా కట్ట తీయాలో దీన్నిబట్టి చూసుకోవాలి.

ఇక రాయడం

సంవత్సరాల వరుసలో రాస్తే చదివేవారు రెండో ప్రకరణంలోనే నిద్రపోతారు. ఒక రోజు ప్రసారాన్ని వెన్నెముకగా తీసుకోవడం నాకు పనికొచ్చిన పద్ధతి. స్విచాన్ దగ్గర మొదలుపెట్టి, యంత్రం కథ అక్కడ చెప్పండి. సంకేత సంగీతం దగ్గర దాన్ని ఎవరు కట్టారో చెప్పండి. రైతుల కార్యక్రమం దగ్గర ముప్పై ఏళ్లలో పంటలు, ప్రశ్నలు ఎలా మారాయో చెప్పండి. కోరిన పాటల దగ్గర టైలరును తీసుకురండి. కమ్యూనిటీ రేడియోకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు కాబట్టి వార్తల ప్రకరణం ఉండదు. దానికి బదులు వాతావరణం, నీళ్ల ట్యాంకరు, పరీక్షా ఫలితాల వంటి కబుర్లను ఏ పేరుతో అందించేవారో రాయండి, అది వార్తలకన్నా రసవత్తరంగా ఉంటుంది. తేదీల పట్టిక పుస్తకం చివర ఒక పేజీలో పెడితే చాలు.

చిత్తుప్రతి అయ్యాక అచ్చుకు ఇవ్వకండి. కేంద్రం ఒప్పుకుంటే వారానికొక ప్రకరణం చొప్పున ఆ రేడియోలోనే చదివి వినిపించి, తప్పులుంటే ఫోను చేయమని చెప్పండి. మేము అలా చేసినప్పుడు రెండో వారం ఒక ముసలాయన ఫోను చేసి, స్తంభం ఎక్కింది మేము రాసిన మనిషి కాదనీ, అతని తమ్ముడనీ, ఆ రోజు కింద తాడు పట్టుకున్నది తానేననీ చెప్పాడు. లాగ్ పుస్తకంలో ఇంటిపేరు ఒక్కటే ఉండటంతో మేము అన్నను అనుకున్నాం. పుస్తకంలో దిద్దుకున్నాం; ఆ ఫోను రికార్డింగును తేదీ వేసి మిగతా ఫైళ్ల పక్కన పెట్టాం.